మా ఆయన కట్టిన ఘర్‌పట్టీ

"ఘర్‌పట్టీ కట్టింది మీ ఆయన కాదు. మా ఆమె."

ఇంటి పన్ను గురించి వెనక కుర్చీలోంచి వచ్చిన మాటకు మయూరి కీబోర్డు మీది చేతులు తీసింది. తిరిగి చూడలేదు. మార్చి సగం దాటేసరికి మెడ తిప్పడం కూడా ఒక పనిలాగే ఉంది ఆమెకు.

"మా ఆయనే కట్టిండు," అంది స్క్రీన్‌ను చూస్తూనే. "నేనే కట్టిన అని రాసిచ్చిండు."

"మా ఆమె గూడ రాసిచ్చింది మేడమ్. పైంగ రశీదు ఆమె పేరు మీదున్నది."

"రశీదు ఎవల పేరు మీదుంటే ఏంది? కట్టినోల్లు ఎవలన్నది కావాలె. మా ఆయన ఇల్లు ఇడిసి పోయిండు గని కట్టుడు ఇడువలే. తెల్సా?"

"ఇల్లు ఇడిసి పోయినోడు ఘర్‌పట్టీ ఎందుకు కడ్తడు?"

"మంచోడు గనక!"

టక్కున చప్పుడైంది. చాయ్ తెచ్చిన అంబాదాస్ మామ గ్లాసును టేబుల్ అంచుకు కొట్టాడు. ఆయన చూపు మయూరి మెడ దగ్గరికి పోయింది. నల్లపూసలు లేవు. అక్కణ్ణుంచి వెనక కుర్చీలోని రుషికేశ్ వైపు పోయింది. ఈ పోరడికి ఇంట్లో పెళ్లాం ఉన్న సంగతి ఇన్నాళ్లూ తనకు తెలియనే లేదు. ఆయన ఏమీ అడగలేదు. ఒలికిన చాయ్‌ను భుజం మీది టవల్‌తో తుడిచి, ఖాళీ గ్లాసులు తీసుకోవడం కూడా మరిచి మెట్లు దిగిపోయాడు.

ఒక్క మాట అడిగి ఉంటే బాగుండేది.

వాళ్లు మాట్లాడుకుంటున్న ఆయన పేరు డెనిస్. ఆమె పేరు కారల్. ఇద్దరిదీ న్యూజెర్సీ. షోలాపూర్‌లో అశోక్ చౌక్ దగ్గర, టవల్స్ దుకాణం పైన ఉన్న ఈ రెండు గదుల ఆఫీసులో అమెరికా వాళ్ల ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులు తయారు చేస్తారు. ఇక్కడ తయారైనవి అక్కడి పెద్దాఫీసు వాళ్లు చూసి సంతకం పెడతారు. జనవరిలో మొదలైన పరుగు ఏప్రిల్ పదిహేనున ఆగుతుంది. మధ్యలో ఆదివారాలు సగం మాత్రమే ఆదివారాలు.

డెనిస్, కారల్ ఇంకా విడాకులు తీసుకోలేదు. వేరుగా ఉంటున్నారు, అంతే. అందుకని ఈ ఏడు కలిపి కాకుండా విడివిడిగా రిటర్న్ వేస్తామన్నారు. ఇద్దరివీ ఒకే ఆఫీసు చేసినా అభ్యంతరం లేదని ఒప్పుకున్నారు. మొగుడి ఫైల్‌ను మేనేజర్ మనీషా మేడమ్ మయూరికి ఇచ్చింది. పెళ్లాం ఫైల్ రుషికేశ్‌కు ఇచ్చింది. గొడవ అక్కడ పుట్టింది.

అమెరికాలో కేంద్రానికి ఒక ఇన్‌కమ్ ట్యాక్స్, రాష్ట్రానికి ఒకటి. రాష్ట్రానికి కట్టింది, ఇంటి మీద ఊరికి కట్టింది, ఈ రెండూ కేంద్రానికి లెక్క చూపేటప్పుడు ఆదాయంలోంచి తీసేసుకోవచ్చు. ఎంతయినా తీసేసుకుంటామంటే కుదరదు, హద్దు ఉంది. నిరుటిదాకా ఆ హద్దు చాలా చిన్నది. ఈసారి నాలుగింతలు పెంచారు. కలిసి వేసే దంపతులకు నలభై వేల డాలర్లు, విడివిడిగా వేసే వాళ్లకు చెరో ఇరవై వేలు. హద్దు చిన్నగా ఉన్నన్నాళ్లూ ఇంటి ట్యాక్స్ ఎవరి ఖాతాలో చూపినా పెద్ద తేడా ఉండేది కాదు. ఇప్పుడు ఉంది. ఒకే ట్యాక్స్‌ను ఇద్దరూ చూపించుకుంటే మాత్రం ఇద్దరికీ నోటీసులే.

"ఇంకో సంగతి మేడమ్," అన్నాడు రుషికేశ్ వెనకనుంచి. "మీ ఆయన ఖర్చులు ఒక్కొక్కటి లెక్క చూపి ఐటమైజ్ చేస్తే, మా ఆమె గూడ చెయ్యాల్సిందే. ఒకలు గట్ల, ఒకలు ఇట్ల అంటే నడువది."

"తెల్సు. నాకు చెప్పకున్రి."

"చెప్తలే. తమాష అనిపించింది. ఇండ్లు వేరయినా ఒకలు చేసినట్టు ఇంకొకలు చెయ్యాలె. లగ్గం అంత జల్దీ ఇడిసిపెట్టదని అమెరికా సర్కార్‌కు గూడ తెల్సు."

మయూరికి నవ్వు వచ్చింది. నవ్వితే వినిపిస్తుందని చాయ్ గ్లాసు నోటికి అడ్డం పెట్టుకుంది. చాయ్ చల్లారిపోయింది. అయినా తాగేసింది.

రుషికేశ్ జనవరిలో చేరాడు. కుర్చీలు వీపుకు వీపు. ఆమెకు అతని గొంతు తెలుసు, దగ్గు తెలుసు, విసుగొస్తే పెన్ను మూత తీసి పెట్టే చప్పుడు తెలుసు. ముఖం మాత్రం సరిగ్గా చూసింది లేదు. చూసినప్పుడల్లా ఇద్దరి కళ్లూ స్క్రీన్ వెలుగుకు ఎర్రబడి, ఎదుటివాళ్లు ఎలా ఉన్నారో పట్టించుకునే స్థితిలో ఉండేవి కావు.

ఆ సాయంత్రం ఆఫీసు నుంచి దిగేసరికి వాన.

మార్చిలో వాన. దారి తప్పి వచ్చి, తప్పు తెలుసుకుని మరింత గట్టిగా కొట్టే వాన. అశోక్ చౌక్‌లో రిక్షాలన్నీ ఒక్కసారే హారన్ కొడుతున్నాయి. దుకాణం వాళ్లు బయట వేలాడదీసిన టవల్స్‌ను లోపలికి లాగుతున్నారు. మయూరి రేకుల చూరు కింద నిలబడింది. పక్కన ఇంకెవరో వచ్చి నిలబడ్డారు. పెన్ను మూత చప్పుడు వినిపించింది.

"గొడుగు లేదా మేడమ్?"

"ఎండాకాలం గొడుగు ఎవలు తెస్తరు?"

"నేను తెచ్చిన." సంచిలోంచి గొడుగు తీసి తెరిచాడు. రెండు కమ్ములు విరిగి ఒక పక్క చేటలా వంగిపోయింది. దాన్ని అతనూ మొదటిసారి చూస్తున్నట్టే చూశాడు. "మా అమ్మది," అన్నాడు నెమ్మదిగా.

ఈసారి ఆమె నవ్వు దాచుకోలేకపోయింది.

అప్పుడు చూసింది అతన్ని. సన్నటి ముఖం. కళ్ల కింద నలుపు. నవ్వడానికి కూడా ఒక క్షణం ఆలోచించుకునే పెదవులు. తన ముఖం కూడా ఇప్పుడు ఇలాగే ఉంటుందేమో అనిపించి, చున్నీతో మొహం తుడుచుకుంది.

"నువ్వు ఉండేది ఎక్కడ?" అని అడిగింది. మీరు కాస్తా నువ్వు అయిపోయిందని అన్న తర్వాత తెలిసింది.

"కుంభారిల. కొత్త ఇండ్లు కట్టిండ్రు గద, గక్కడ. అమ్మ, నేను. అమ్మ బీడీలు చేస్తది."

"బస్సులనా?"

"బస్సుల. కూసునే జాగ దొరికితే అదృష్టం. నిలబడి గూడ కునుకు తీసుడు నేర్చుకున్న." అతను వానలోకి చూశాడు. "నువ్వు?"

"దాజీ పేట్. కింద మగ్గాలు, మీద ఇల్లు."

"సొంత మగ్గాలా?"

"సొంతయే."

అతను తల ఊపి గొడుగు కమ్ములు సర్దాడు. వాన కాస్త తగ్గాక ఆ చేట గొడుగు ఆమె చేతికిచ్చి, తల మీద సంచి పెట్టుకుని బస్సు కోసం పరుగెత్తాడు. ఒక పక్కంతా తడుస్తూ ఇంటికి నడిచింది మయూరి. తడిసిన భుజం చల్లగా ఉంది. చాలా రోజుల తర్వాత ఒంట్లో ఒక చోటైనా ప్రాణం ఉన్నట్టు అనిపించింది.

మర్నాటి నుంచి పోట్లాటలు అలాగే సాగాయి. గొంతులే కాస్త మారాయి.

"మీ ఆయనను ఒకసారి అడుగరాదు, బ్యాంకు అకౌంట్ ఏదని?"

"మా ఆయనకు మెయిల్ పోయింది. మీ ఆమెనే జవాబియ్యట్లే."

"మా ఆమెకు పనులుంటయి. ఒక్కతే ఇల్లు నడుపుకుంటున్నది."

"మా ఆయన ఏమన్నా సుట్టీ మీదున్నడా? కిరాయింట్ల ఉండి, తనే వండుకొని తింటున్నడు."

మనీషా మేడమ్ తన గదిలోంచి అరిచేది. "అరే, మీ ఇద్దరి సంసారం కొంచెం మెల్లగ చేసుకోండ్రి!"

అంబాదాస్ మామ ప్రతిసారీ ఆ చుట్టుపక్కలే ఉండేవాడు.

ఒక సాయంత్రం మయూరి ఇంటికి వచ్చేసరికి కింద కరెంటు మగ్గాలు ఆగి ఉన్నాయి. మేడ మీద గదిలో తండ్రి గోవర్ధన్ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కనుబొమల మీద పత్తి పొట్టు అలాగే ఉంది. తల్లి వసంత అంచులు కుట్టాల్సిన టవల్స్ ఒళ్లో పెట్టుకుని కొంగుతో ముక్కు తుడుచుకుంటోంది.

"ఏమయింది నాయినా? మగ్గం ఆపినవేంది?"

గోవర్ధన్ ఆమె వైపు తిరిగాడు. ఆయన కోపంగా లేడు. పొద్దున్నుంచీ నిలబడి నిలబడి అలసిన మనిషి ముఖం, దాని మీద ఇంకో అలసట.

"బిడ్డా," అన్నాడు. "నీ ఆయన ఇల్లు ఇడిసిపెట్టి పోయిండట గద. మాకెందుకు జెప్పలే?"

మయూరికి అర్థం కాలేదు.

"లగ్గం చేసుకుంటే చేసుకున్నవ్," అంది వసంత ఏడుపు గొంతుతో. "వాడు మంచోడని ఆఫీసంత చెప్పుకుంటున్నవట. మంచోడైతే ఇడిసి ఎందుకు పోతడే? ఘర్‌పట్టీ కడితే అయిపాయెనా?"

మయూరి నేల మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. ఎంత నవ్విందంటే కళ్లలో నీళ్లు వచ్చాయి. ఆ నీళ్లు నవ్వు ఆగాక కూడా వస్తూనే ఉన్నాయి. వసంత కుట్టుపని పక్కకు తోసి దగ్గరికి వచ్చి వీపు నిమిరింది.

"ఆయన డెనిస్ అమ్మా. అమెరికా ఆయన. యాభై ఏండ్లుంటయి. నేను ఆయన ఫైల్ చేస్తున్న."

మొత్తం చెప్పింది. రాష్ట్రం ట్యాక్స్, ఊరి ట్యాక్స్, కేంద్రం ట్యాక్స్, రెండు ఇళ్లు, రెండు రిటర్నులు. గోవర్ధన్ శ్రద్ధగా విన్నాడు.

"అంటే ఊరికి ఘర్‌పట్టీ కడితే, గది చూసి పెద్ద సర్కారు తన పట్టీ తగ్గిస్తదా?"

"ట్యాక్స్ వేసే ఆదాయం తగ్గిస్తది. కట్టిన దానికి మల్ల ట్యాక్స్ వెయ్యకుంట."

"మనకు గట్ల లేదా?"

"మగ్గాల షెడ్డుదైతే ధందా ఖర్చుల చూపిస్తం గద నాయినా. మనముండే ఇంటిదానికి లేదు."

గోవర్ధన్ తల ఊపాడు. కనుబొమల మీది పొట్టు ఇప్పుడు దులుపుకున్నాడు. "గా అంబాదాస్‌కు రేపు చెప్త," అన్నాడు. మళ్లీ ఏదో గుర్తుకొచ్చి ఆగాడు. "మరి గా ఎనుక కూసునే పోరడు? రోజు పెండ్లాం ముచ్చటే చెప్తడట గద?"

"లేదు నాయినా! గామె కారల్. రుషికేశ్‌కు ఇంక లగ్గం కాలే."

అంత వేగంగా చెప్పకుండా ఉండాల్సింది. చెప్పాక ఆమెకూ తెలిసింది. తండ్రికీ తెలిసింది. వసంత చేయి ఆమె వీపు మీద ఆగిపోయింది.

గోవర్ధన్ కిటికీలోంచి వీధి చూశాడు.

"సౌరభ్ వాళ్లు నీ సీజన్ అయినంక నిన్ను చూడ వస్తమన్నరు," అన్నాడు చివరికి. సౌరభ్ వాళ్లది పెద్ద బట్టల షోరూమ్. గోవర్ధన్ నేసిన టవల్స్‌లో సగం వాళ్లే కొంటారు. "రమ్మందునా?"

ఆ ఒక్క ప్రశ్నకు జవాబు ఉంది. కానీ అది చెబితే ఇంకో పది ప్రశ్నలు వస్తాయి. వాటికి కావలసిన ఓపిక ఆమె దగ్గర లేదు. ఏప్రిల్ పదిహేను దాటితే తప్ప రాదు.

"తల నొస్తున్నది నాయినా," అంది. "పండుకుంట."

మర్నాడు అంబాదాస్ మామ చాయ్‌తో పాటు బన్ మస్కా కూడా తెచ్చాడు. "మాఫ్ చెయ్ బిడ్డా," అన్నాడు చేతులు జోడించి. "నేను ఏందో అనుకుంటి. మీ నాయిన సమ్‌జాయించిండు. లగ్గానికి మాత్రం నన్ను పిలువాలె. సౌరభ్ సేఠ్ ఇంటి పెండ్లంటే అశోక్ చౌక్ అంత బంద్ అయితది!"

వెనక కుర్చీలో పెన్ను మూత చప్పుడు ఆగిపోయింది.

ఆ తర్వాత వచ్చిన మొదటి మెసేజ్ ఇంగ్లిష్‌లో ఉంది. డెనిస్ స్టేట్ ట్యాక్స్ మొత్తం దయచేసి కన్ఫర్మ్ చేయగలరు, అని. మయూరి దాన్ని రెండుసార్లు చదివింది. అడుగు దూరంలో కూర్చున్న మనిషి, నోటితో అడగాల్సింది టైపు చేసి పంపాడు.

కన్ఫర్మ్ చేసింది.

మళ్లీ వచ్చింది. థాంక్యూ మేడమ్, అని.

అలా రెండు వారాలు. మీ ఆయన లేడు, మా ఆమె లేదు. ట్యాక్స్‌పేయర్, స్పౌజ్. చాయ్ వస్తే అతను కిందికి దిగి తాగేవాడు. సాయంత్రం ఆమె మెట్లు దిగే ముందే బస్సుకు వెళ్లిపోయేవాడు. గొడుగు తిరిగి ఇద్దామని ఆమె రోజూ సంచిలో పెట్టుకుని తెచ్చేది, రోజూ తిరిగి తీసుకుపోయేది. ఫైళ్లు మాత్రం తగ్గేవి కావు. ఒకటి పంపితే రెండు వచ్చేవి. స్క్రీన్ మీద అంకెలు ఈదుతున్నట్టు కనిపించేవి. ఒకరోజు కళ్లు మూసుకుంటే, మూసిన రెప్పల మీద కూడా గళ్లు గళ్లు కనిపించాయి.

కోపం కూడా వచ్చింది. అడగొచ్చు కదా? సంబంధం మాట నిజమేనా అని ఒక్క మాట అడగొచ్చు కదా? అడగడానికి ఇతనికెవరు అడ్డం? మళ్లీ తనే అనుకునేది, చెప్పడానికి నాకెవరు అడ్డం?

ఆ మాట మనసులో రెండు రోజులు తిరిగింది. మూడో రోజు పొద్దున్నే, ఆఫీసుకు బయల్దేరే ముందు, కిందికి దిగి షెడ్డులోకి వెళ్లింది. గోవర్ధన్ తెగిన పోగు ముడి వేస్తున్నాడు.

"సౌరభ్ వాళ్లను రావొద్దను నాయినా."

గోవర్ధన్ పోగు వదల్లేదు. "గా పోరడు అడిగిండా నిన్ను?"

"లేదు. అడుగుతడో లేదో గూడ తెల్వది. గని సౌరభ్ మాత్రం వద్దు. షోరూమ్ మంచిదే, నాకు వద్దు. నీ టవల్స్ కొనుడు బంద్ చేస్తరని భయమయితే..."

"గది నేను చూసుకుంట," అన్నాడు గోవర్ధన్. ముడి బిగించి, మిగిలిన కొస కొరికి తెంపాడు. "నువ్వు బువ్వ తిన్నవా?"

అంతే. ఆమె ఇంకా ఏదో వాదన సిద్ధం చేసుకుని వచ్చింది. దాని అవసరం లేకపోయేసరికి కాసేపు మగ్గం పక్కనే కూర్చుండిపోయింది.

ఆ మధ్యాహ్నమే మనీషా మేడమ్ ఇద్దరినీ తన గదిలోకి పిలిచింది. న్యూజెర్సీ పెద్దాఫీసు వాళ్లు డెనిస్‌తోనూ కారల్‌తోనూ ఫోన్‌లో మాట్లాడారట.

"నిరుడు కలిసి వేసినప్పటి జవాబులే ఈసారి ఇద్దరూ మల్ల టిక్ చేసిండ్రు. గందుకే ఇద్దరూ నేనే కట్టిన అన్నట్టు వచ్చింది," అంది మేడమ్ కళ్లజోడు తీసి కళ్లు నలుపుకుంటూ. "ఇప్పుడు ఇనుండ్రి. డెనిస్ ఏమన్నడంటే, అంత కారల్‌కే చూపించున్రి, ఒక్కతే ఇల్లు నడుపుతున్నది అన్నడట. కారల్‌ను అడిగితే, వద్దు, డెనిస్‌కే చూపించున్రి, ఆయన కిరాయి గూడ కట్టుకుంటున్నడు అన్నదట."

మయూరి, రుషికేశ్ ఒకరినొకరు చూసుకోలేదు.

"ట్యాక్స్ కానూన్‌ల దయ చూపిస్తమంటే నడువది గద," అంది మేడమ్. "ఏ అకౌంట్ నుంచి పోయినయని అడిగిండ్రు. ఇద్దరి పేరు మీదున్న పాత అకౌంట్. వేరయినంక గూడ ఇద్దరూ అండ్ల పైసలు ఏస్తనే ఉన్నరట. బంద్ చేద్దమని ఎవలూ అనలేదట. జాయింట్ అకౌంట్ అయితే సగం సగం. చేసి పంపుండ్రి."

సగం సగం వేసి చూస్తే ఇంకో సంగతి తేలింది. మొత్తం డెనిస్‌కు చూపితే హద్దు దాటి చాలావరకు వృథా అయ్యేది. మొత్తం కారల్‌కు చూపినా కొంత వృథాయే. సగం సగం అయితేనే ఇద్దరికీ కలిపి అన్నిటికంటే ఎక్కువ మిగులుతోంది. ఇన్ని రోజులు వీళ్లిద్దరూ దేనికోసం పోట్లాడుకున్నారో అది పోట్లాడాల్సినదే కాదు.

రెండు రిటర్నులూ పంపేశారు. మయూరి కుర్చీ తిప్పింది. వీపుకు వీపుగా కూర్చున్న ఇన్ని నెలల్లో కుర్చీ పూర్తిగా తిప్పడం ఇదే మొదలు. అతని మెడ మీది వెంట్రుకలు, చొక్కా కాలర్ లోపల మాసిన గీత కనిపించాయి.

"కారల్ పని అయిపోయింది గద. ఇగ నాతోటి పనిలేదా నీకు?"

అతను తిరిగాడు. జవాబు ఇంగ్లిష్‌లో వెతుక్కుంటున్నట్టు కనిపించాడు. దొరకలేదు.

"నీకు మంచి సంబంధం కుదిరిందన్నరు. మధ్యల నేనెందుకని..."

"ఎవలన్నరు? అంబాదాస్ మామ అన్నడు. నాకు డెనిస్‌తోని లగ్గం చేసింది గూడ గా మామనే."

అతను నవ్వబోయి ఆగాడు. "గదొక్కటే కాదు. మీవి సొంత మగ్గాలు. మా నాయిన ఉన్నన్ని రోజులు వేరేటోల్ల మగ్గాల మీదనే నేసిండు. మాది ఒక అర్ర, ఒక వంటిల్లు. బస్సు తప్పితే ఇంకో బస్సు దాక రోడ్డు మీదనే..."

"నేను బస్సుల టైము అడిగిన్నా నిన్ను?"

"లేదు."

"మా సొంత మగ్గాలు సగం బంద్ పడున్నయి. తుప్పు చూస్తనంటే తోలుకపోత." ఆమె కుర్చీని ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది. "సౌరభ్ వాళ్లను రావొద్దని ఇయ్యాల పొద్దుగాల నాయినకు చెప్పిన. నీకోసం చెప్పలే. నాకోసం చెప్పుకున్న. నీకేమన్నా ఉంటే నువ్వు చెప్పుకోవాలె. నేను ఇగ ఎవల తరఫునా మాట్లాడ. నాకు శాతగాదు. నేను మస్తు అలిసిపోయిన రుషికేశ్."

అతను చేతిలోని పెన్నుకు మూత పెట్టాడు.

"నేను గూడ," అన్నాడు. "రెండు వారాలు నిన్ను మేడమ్ అనుడుతోని ఎక్కువ అలిసిన." పెన్ను టేబుల్ మీద పెట్టేశాడు. "నువ్వంటే నాకు ఇష్టం. వాన పడ్డనాడే చెప్దమనుకున్న. గొడుగు ఇజ్జత్ తీసింది."

ఆమె రెండు చేతుల్లో ముఖం దాచుకుంది. భుజాలు కదిలాయి. నవ్వుతోందని అతనికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది.

"ఎవలకు చెప్పాలె ఇగ?" అని అడిగాడు.

"మా నాయినకు. షెడ్డుకు రా. ఐతారం గూడ మగ్గం మీదనే ఉంటడు."

ఏప్రిల్ పదిహేను గడిచిపోయింది. ఆఫీసులో ఎవరూ చప్పట్లు కొట్టలేదు, కేక్ కోయలేదు. అందరూ ఇళ్లకు పోయి పడుకున్నారు.

ఆ ఆదివారం పది గంటల ఎండలో రుషికేశ్ దాజీ పేట్ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా. చేతిలో ద్రాక్షపళ్ల సంచి. షెడ్డు తలుపు దగ్గర చెప్పులు విడిచి లోపలికి వెళ్లాడు. మయూరి మేడ మెట్ల మీద సగం దూరంలో నిలబడిపోయింది.

లోపల మగ్గాలు చెవులు చిల్లులు పడేలా కొట్టుకుంటున్నాయి. ఆ మోతలో అరిచినా వినపడదు. గోవర్ధన్ ఆ కుర్రాణ్ణి పైనుంచి కిందికి చూశాడు. ఎవరో తెలిసింది. మగ్గం ఆపలేదు. ఏమన్నట్టు గడ్డం ఎగరేశాడు.

మగ్గాల దగ్గర పుట్టి పెరిగిన వాళ్లు అరవరు. పెదవులతో మాట్లాడతారు. మాటను నోట్లోనే నెమ్మదిగా, స్పష్టంగా ఆడించి, చేతితో కాస్త సాయం చేస్తారు. ఎదుటివాళ్లు పెదవులు చూసి చదువుకుంటారు. తండ్రికి అన్నం తీసుకొచ్చిన ప్రతి పిల్లకూ పిల్లవాడికీ ఆ భాష వస్తుంది.

రుషికేశ్ అరవలేదు.

నేను రుషికేశ్, అన్నాయి అతని పెదవులు. ఒక్క చప్పుడు లేదు. యమునాబాయి కొడుకును. మా నాయిన గూడ మగ్గం నేసిండు. కుంభారిల ఉంటం. ఒక అర్ర. నౌకరీ ఈ సీజన్‌కే కాదు, ఇప్పుడు పక్కా చేసిండ్రు. ఒక్క క్షణం ఆగాడు. అరచేయి గుండె దగ్గర పెట్టుకున్నాడు. మయూరిని లగ్గం చేసుకుంట. మీరు ఇస్తే.

మెట్ల మీద నుంచి, తెరిచిన తలుపులోంచి మయూరికి అతని ముఖం పక్కనుంచి కనిపిస్తోంది. ఒక్కొక్క మాటా చదవగలిగింది. తన పేరు దగ్గర పెదవులు కలిసి, విడిపోయి, సాగడం చూసింది. ఇంత మోతలో ఎవరి చెవికీ అందని ఆ మాట ఆమెకు వినిపించినట్టే ఉంది. మెట్టు మీద కూర్చుండిపోయింది.

గోవర్ధన్ బట్ట మీద చేయి వేసి నేత చూస్తున్నట్టు నిలబడ్డాడు. తర్వాత తల ఎత్తాడు. ఆయన పెదవులూ నెమ్మదిగా కదిలాయి.

అమ్మను తీస్కరా. గీ ఎండల వద్దు. సల్లబడ్డంక తీస్కరా.

మళ్లీ ఏదో తోచినట్టు చేతితో టవల్స్ మూట చూపించాడు. కూసో. చాయ్ తాగి పో.

వసంత చాయ్ పెట్టి, ద్రాక్షపళ్లు కడిగి, మయూరి చేతికి పళ్లెం ఇచ్చి పంపేసరికి కొంత ఆలస్యమైంది. మయూరి షెడ్డులోకి వచ్చి చూస్తే, రుషికేశ్ మూటకు తల ఆనించి నిద్రపోతున్నాడు. నోరు కొంచెం తెరుచుకుంది. ఇస్త్రీ చొక్కా మీద పత్తి పొట్టు రాలుతోంది. చుట్టూ మగ్గాలు గోడలు అదిరేలా మోగుతుంటే, జనవరి నుంచి పోగుపడిన నిద్రనంతా ఒక్కసారే పోతున్నట్టు పడుకున్నాడు.

గోవర్ధన్ ఆ కుర్రాణ్ణి చూసి, కూతుర్ని చూసి, పాపం అన్నట్టు మగ్గం ఆపడానికి చేయి చాపాడు.

మయూరి తల అడ్డంగా ఊపింది. చాయ్ పళ్లెం కింద పెట్టి, చప్పుడు లేకుండా పెదవులు కదిపింది.

ఆపకు నాయినా. ఆపితే లేస్తడు.